సరిహద్దులో శౌర్య పతకం పొందిన సైనికుడి జీవితం: ఒడిశాలోని తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్ల నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు ఉన్నారు, వెళ్లాలని చూస్తున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఇళ్లలో అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. సైనికుడు శౌర్యం చూపేది సరిహద్దులోనే అయినా, దాని ఫలం ఇంటికి చేరాలంటే కాగితాలు సరిగ్గా ఉండాలి. రెండు రాష్ట్రాల మధ్య బతికే మనకు ఆ కాగితాల దగ్గరే ఎక్కువ చిక్కులు వస్తాయి. ఏ ప్రశ్న అవసరమైతే దానికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

### సైన్యంలో చేరేటప్పుడు

మాది పర్లాకిమిడి. మావాడు శ్రీకాకుళంలో చదివాడు. భర్తీకి విశాఖ వెళ్లాలా, గోపాల్‌పూర్ వెళ్లాలా?

చదివిన ఊరు లెక్కలోకి రాదు. స్థిర నివాసం ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా భర్తీ కార్యాలయానికే వెళ్లాలి. గజపతి, గంజాం వంటి దక్షిణ ఒడిశా జిల్లాలకు గోపాల్‌పూర్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు, శ్రీకాకుళం జిల్లాకు విశాఖపట్నం ఆఫీసు.

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. జనరల్ డ్యూటీకి, అంటే సాధారణ సైనికుడి ఉద్యోగానికి, ఒడిశా అభ్యర్థుల కనీస ఎత్తు 169 సెంటీమీటర్లు, ఆంధ్ర అభ్యర్థులకు 166. గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాల ఆదివాసీలకు 162. కుర్రాడు 167 ఉంటే, "మేనమామగారి ఇంటి అడ్రసు మీద అటు నుంచి పెట్టేద్దాం" అనేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. భర్తీ రోజు రాసిన ఊరే సర్వీసు రికార్డులో స్థిర చిరునామాగా నిలిచిపోతుంది. పోలీసు విచారణ అక్కడికే వెళ్తుంది. రేపు ఏ రాష్ట్రం నగదు బహుమతి ఇవ్వాలన్నా ఆ చిరునామానే చూస్తుంది. దొంగ నివాస పత్రం శిక్షణ మధ్యలో బయటపడితే ఇంటికి పంపేస్తారు.

ఒడిశా, ఆంధ్ర రెండూ తమవే అంటున్న కొటియా గ్రామాలవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. దరఖాస్తుకు ముందే ఒక రాష్ట్రాన్ని ఖాయం చేసుకుని, ఆధార్, నివాస పత్రం, కుల పత్రం అన్నీ అదే చిరునామాతో ఉండేలా చూసుకోండి.

ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా?

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలా, ఒక్క అక్షరం కూడా మార్చకుండా రాయాలి. మన పేర్లకు ఉన్న అసలు తిప్పలు ఇవే. బడిలో "బి. రామారావు", ఆధార్‌లో "రామారావు బొడ్డేపల్లి", ఒడియాలో రాసిన నివాస పత్రంలో "రామరావు" అని ఉంటాయి. మనిషి ఒక్కడే అయినా ఆఫీసు లెక్కలో ముగ్గురు. భార్య పేరూ అంతే: పెళ్లికి ముందు పుట్టింటి ఇంటిపేరు, తర్వాత అత్తింటిది, ఓటరు కార్డులో రెండూ లేకుండా ఉత్త "లక్ష్మి".

సర్వీసులో ఉండగానే దిద్దించుకోవడం తేలిక. నోటరీ అఫిడవిట్, పేపరు ప్రకటన, అవసరమైతే గెజిట్ ప్రకటన జతచేసి యూనిట్‌లో అర్జీ పెట్టుకోవాలి. సైనికుడి వివరాల్లో మార్పులను నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్‌లో ఇది ప్రచురితమైతేనే అది రికార్డు ఆఫీసుకు ఎక్కినట్టు. పెళ్లి, పిల్లల పుట్టుక కూడా ఇదే పద్ధతిలో నమోదు కావాలి. "చెప్పాను, రాసుకున్నారు" అంటే చాలదు. ఆర్డర్ నంబరు, తేదీ అడిగి ఇంట్లో రాసి పెట్టుకోండి. సైనికుడు పోయాక ఈ దిద్దుబాటు భార్య ఒక్కతే చేయించుకోవాలంటే నెలలు పడుతుంది.

అగ్నివీరుడికి కూడా శౌర్య పతకం ఇస్తారా?

ఇస్తారు. నాలుగేళ్ల సర్వీసుకు అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకం 2022లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం పతకాలకు, పురస్కారాలకు మిగతా సైనికులతో పాటు అగ్నివీరులూ అర్హులే. తేడా మిగతా వాటిలో ఉంది. సర్వీసు 4 ఏళ్లు, ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందిని ఉంచుకుంటారు, నాలుగేళ్లకే బయటికి వచ్చినవాళ్లకు పెన్షన్ ఉండదు. ప్రీమియం కట్టక్కర్లేని జీవిత బీమా 48 లక్షల రూపాయలు. విధి నిర్వహణ కారణంగా చనిపోతే దానికి అదనంగా 44 లక్షల పరిహారం ఉంది.

### సరిహద్దు పోస్టులో

ఎత్తైన కొండల మీది పోస్టుకు పంపకుండా రెండు వారాలు కింద ఊరికే కూర్చోబెట్టారట. ఎందుకు?

ఊరికే కూర్చోబెట్టరు. గంజాం తీరంలో పుట్టి పెరిగిన శరీరం పలుచని గాలికి అలవాటు పడటానికి ఇచ్చే గడువు అది. పద్ధతి మూడు అంచెలుగా ఉంటుంది: 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, 12,000 నుంచి 15,000 మధ్య 4 రోజులు, 15,000 దాటాక మరో 4 రోజులు. మొదటి అంచెలో తొలి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. తర్వాత చదును నేల మీద మెల్లగా నడక, ఆపైన కొద్దిగా ఎక్కుడు.

ఈ వరుస తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ముందు పొడి దగ్గు, నడిస్తే ఆయాసం, తర్వాత కూర్చున్నా ఆయాసం, గులాబీ రంగు నురగ కఫం. ఒంట్లో సత్తువ ఉన్న కుర్రాళ్లకే ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వాళ్లు "నాకేం కాలేదు" అని తలనొప్పిని దాచిపెడతారు. ఆక్సిజన్ పెట్టి, వెంటనే కిందికి దించడమే ప్రధాన వైద్యం. ఫోన్‌లో మీవాడు తలనొప్పి అంటే "టీ తాగు, తగ్గుతుంది" అనకండి. డాక్టరుకు చెప్పమనండి.

సెలవుకు వచ్చి నెల రోజులు ఇంట్లో ఉన్నవాడికి ఆ అలవాటు పోతుంది. తిరిగి వెళ్లాక మళ్లీ అంచెలంచెలుగానే ఎక్కాలి.

సెలవులు ఎన్ని?

రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. అగ్నివీరుడికి వార్షిక సెలవు 30 రోజులు. ఎత్తైన పోస్టుల్లో మంచు వల్ల దారులు మూతపడతాయి కాబట్టి, పెళ్లి ముహూర్తం పెట్టుకునే ముందు తేదీ మీవాణ్ని అడిగే ఖాయం చేయండి.

వారం రోజులుగా ఫోన్ లేదు. ఎవరిని అడగాలి?

సరిహద్దు పోస్టులో సిగ్నల్ లేకపోవడం మామూలే. ఇంకా ఆగలేకపోతే రెజిమెంట్ సెంటరుకు గానీ, సైనికుల, మాజీ సైనికుల కుటుంబాల బాగోగులు చూసే జిల్లా సైనిక్ బోర్డుకు గానీ సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెప్పి అడగండి. ఈ నాలుగు వివరాలూ గోడ క్యాలెండరు వెనక అయినా రాసి ఉంచుకోవాలి. "56 ఏపీఓ", "99 ఏపీఓ" అన్నవి సైనిక తపాలా చిరునామాలు, ఊళ్లు కావు. మావాడు ఫలానా పోస్టులో ఉన్నాడని వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. అది అతని ప్రాణానికే చేటు.

### పతకం వచ్చినప్పుడు

నాన్నగారి ఛాతీ మీద పది పతకాలు ఉన్నాయి. అన్నీ శౌర్యానికేనా?

కాదు. ఎక్కువ భాగం సేవా పతకాలు అయి ఉంటాయి. 9, 20, 30 ఏళ్ల సర్వీసుకు ఇచ్చేవి, స్వాతంత్ర్యం వచ్చి 25, 50, 75 ఏళ్లు నిండిన సందర్భాల్లో ఇచ్చినవి, 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్, పశ్చిమీ స్టార్, పూర్వీ స్టార్, కార్గిల్ పోరుకు సంబంధించిన ఆపరేషన్ విజయ్ పతకాలు, ఎత్తైన ప్రాంతాల్లో చేసిన సేవకు ఇచ్చేవి. ఇవి ఆ చోట, ఆ కాలంలో పనిచేసిన అందరికీ దక్కుతాయి. అంత మాత్రాన చిన్నవి కావు. ఒక మనిషి ఎక్కడెక్కడ నిలబడ్డాడో చెప్పే జీవిత చరిత్ర ఆ వరుసలోనే ఉంది.

శౌర్య పతకాలు వేరు: పరమవీర, అశోక, మహావీర, కీర్తి, వీర, శౌర్య చక్రాలు, తర్వాత సేనా మెడల్. సేనా మెడల్‌ను శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. ఏది దేనికో గెజిట్ చెబుతుంది. శౌర్యానికి ఇచ్చినదానికే నెలవారీ భత్యం ఉంటుంది. రక్షణ శాఖ నడిపే గ్యాలంట్రీ అవార్డ్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికి సరిచూసుకోవచ్చు. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి వెతకండి.

అశోక చక్ర పెద్దదా, మహావీర చక్ర పెద్దదా?

వరుస ఇది: పరమవీర, అశోక, మహావీర, కీర్తి, వీర, శౌర్య. పరమవీర, మహావీర, వీర చక్రాలు శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి. అశోక, కీర్తి, శౌర్య చక్రాలు శత్రువుతో యుద్ధం కాని సందర్భాల్లో, ఉదాహరణకు ఉగ్రవాదులతో పోరులో చూపిన సాహసానికి. ఈ రెండో శ్రేణి పోలీసులకూ, పౌరులకూ కూడా ఇస్తారు. యుద్ధ శ్రేణిని 1950 జనవరి 26న నెలకొల్పారు, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా.

రిబ్బన్ చూసి గుర్తుపట్టవచ్చు. పరమవీర చక్రది పూర్తిగా ఊదా రంగు. మహావీర చక్రది సగం తెలుపు, సగం నారింజ. వీర చక్రది సగం ముదురు నీలం, సగం నారింజ. ఆకుపచ్చ మీద నిలువు నారింజ గీత ఒకటి ఉంటే అశోక, రెండు ఉంటే కీర్తి, మూడు ఉంటే శౌర్య.

మన రెండు నేలల మనుషులనూ ఒక్కచోట చూపే ఉదాహరణ గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి అక్కడ 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. అదే యూనిట్‌కు చెందిన ఒడిశా మయూర్‌భంజ్ జిల్లావాసి నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్‌కు మరణానంతరం వీర చక్ర వచ్చింది.

సిఫారసు ఎవరు చేస్తారు? ఎమ్మెల్యేగారి ఉత్తరం పనికొస్తుందా?

పనికిరాదు. సిఫారసు కమాండింగ్ ఆఫీసరు దగ్గర మొదలవుతుంది. ఏ రోజు, ఏ చోట, ఏ పరిస్థితిలో ఏం చేశాడన్నది కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలాలతో సహా రాస్తారు. అది బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ మీదుగా ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌కు, అక్కడి నుంచి రక్షణ శాఖ కమిటీకి వెళ్తుంది. రాష్ట్రపతి ఆమోదించాక గెజిట్‌లో వస్తుంది. ప్రకటన ఏటా రెండుసార్లు, గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ.

దారిలో పతకం స్థాయి తగ్గడం, అసలే రాకపోవడం జరుగుతుంది. తోడుగా ఉన్నవాళ్లంతా చనిపోయిన చోట చెప్పేవాళ్లు మిగలరు. అందువల్ల వెలుగులోకి రాని సాహసాలు ఉన్నాయి, ఆ కుటుంబాల బాధ న్యాయమైనది.

మావాడు బీఎస్‌ఎఫ్. మల్కనగిరిలో డ్యూటీ. వీర చక్ర వస్తుందా?

బీఎస్‌ఎఫ్, అంటే సరిహద్దు భద్రతా దళం, హోం శాఖ కింద ఉంటుంది. మావోయిస్టులతో పోరులో సాహసానికి సాధారణంగా పోలీసు శౌర్య పతకాలు, అసాధారణమైన సాహసమైతే అశోక శ్రేణి చక్రాలు వస్తాయి. యుద్ధంలో అయితే యుద్ధ శ్రేణి పతకాలకూ అడ్డు లేదు. 1971లో బీఎస్‌ఎఫ్ అధికారి రామకృష్ణ వాధ్వాకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

### నెలనెలా వచ్చే భత్యం, ఇతర సదుపాయాలు

పతకానికి నెలకు ఎంత వస్తుంది?

2017 ఆగస్టు 1 నుంచి అమలైన కేంద్ర రేట్లు ఇవి: పరమవీర 20,000 రూపాయలు, అశోక 12,000, మహావీర 10,000, కీర్తి 9,000, వీర 7,000, శౌర్య 6,000, శౌర్యానికి ఇచ్చిన సేనా మెడల్ 2,000. జీతానికి, పెన్షన్‌కు ఇది అదనం. చక్రాల గ్రహీతల పెన్షన్‌కు ఆదాయపు పన్ను లేదు.

సర్వీసులో ఉన్నంత కాలం భత్యం వచ్చింది, రిటైరయ్యాక ఆగిపోయింది. ఏం చేయాలి?

చాలావరకు కారణం ఒక్కటే. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, అంటే పీపీఓలో, పతకం ఎక్కలేదు. సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్ తీసి పతకాల గడి చూడండి. అక్కడ ఉండి పీపీఓలో లేకపోతే, గెజిట్ ప్రతి, డిశ్చార్జి బుక్ ప్రతి జతచేసి రికార్డు ఆఫీసుకు రాయండి. ఏ ఆఫీసన్నది చేరిన రెజిమెంట్‌ను బట్టి ఉంటుంది: మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, బిహార్ రెజిమెంట్‌కు దానాపూర్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్. వాళ్లు సవరించిన పీపీఓ కోసం పంపుతారు. అది రక్షణ పెన్షన్ల స్పర్శ్ పోర్టల్‌లో మీ ఖాతాలో కనిపించేదాకా వెంటపడండి, బకాయి కూడా అడగండి. ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం తప్పితే పెన్షన్‌తో పాటు ఇదీ ఆగుతుంది.

నగదు బహుమతి ఒడిశా ఇస్తుందా, ఆంధ్ర ఇస్తుందా? రెండు చోట్లా అడగొచ్చా?

సర్వీసు రికార్డులో స్థిర చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రాన్నే అడగాలి. భూమి, నగదు, ఉద్యోగం వంటివన్నీ రాష్ట్రాల ఇష్టం. మొత్తాలు మారుతుంటాయి. మీ జిల్లా సైనిక్ బోర్డు ద్వారానే అర్జీ వెళ్లాలి. తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం, గెజిట్ ప్రతి, డిశ్చార్జి బుక్ లేదా యూనిట్ ధ్రువపత్రం పట్టుకెళ్లండి. ఇంకో రాష్ట్రం నుంచి ఇలాంటి సాయం పొందలేదని రాసివ్వమంటారు. తప్పుడు సంతకం చేస్తే తీసుకున్నది తిరిగి కట్టాల్సి వస్తుంది.

రైలు పాస్ ఎవరికి?

పైన చెప్పిన ఆరు రకాల చక్రాల్లో ఏది పొందినవారికైనా, మరణానంతరం పతకం వచ్చినవారి భార్యలకు రైల్వే ఉచిత కార్డు పాస్ ఇస్తుంది. తోడుగా ఒకరు వెళ్లవచ్చు.

### సైనికుడు తిరిగి రానప్పుడు

పార్థివ దేహం వచ్చినప్పుడు జెండాను ఏం చేయాలి?

కాషాయం తల వైపు ఉండేలా పేటికపై కప్పుతారు. చితి మీద గానీ, గోతిలోకి గానీ జెండా వెళ్లకూడదు. దహనానికి ముందే తీసి, మడిచి కుటుంబానికి అందిస్తారు. ఊళ్లో ఆవేశంలో "జెండాతోనే సాగనంపుదాం" అంటారు, ప్రేమతోనే అంటారు. సైనిక దళం చెప్పినట్టు నడుచుకోవడమే ఆ జెండాకూ అతనికీ మర్యాద.

కుటుంబానికి ఏమేం వస్తాయి?

శత్రువుతో పోరులో చనిపోతే భార్యకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే ఆఖరి జీతానికి సమానమైన మొత్తం. పెళ్లికానివాడైతే తల్లిదండ్రులకు ఆశ్రిత పెన్షన్. కేంద్రం ఒకేసారి ఇచ్చే పరిహారం 2016 జనవరి 1 నుంచి ఇలా ఉంది: విధుల్లో ప్రమాదం లేదా ఉగ్రవాద హింస అయితే 25 లక్షలు, సరిహద్దు ఘర్షణలో గానీ, నిర్దేశించిన ఎత్తైన ప్రాంతాల్లో తీవ్ర వాతావరణం వల్ల గానీ అయితే 35 లక్షలు, యుద్ధంలో శత్రు చర్య వల్ల అయితే 45 లక్షలు. మరణ కారణాన్ని ఏ వర్గంలో రాశారన్నదాని మీదే పెన్షన్ రకం కూడా ఆధారపడుతుంది. కాబట్టి ఆ కాగితం ప్రతి తప్పకుండా అడిగి తీసుకోండి.

మా కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంటే పతకం భత్యం ఆగిపోతుందా?

ఆగదు. ఒకప్పుడు మరిదినో బావగారినో చేసుకుంటేనే భత్యం కొనసాగుతుందన్న షరతు ఉండేది. 2017 నవంబరులో దాన్ని తీసేశారు. ఎవరిని చేసుకున్నా ఆమె జీవించి ఉన్నంత కాలం వస్తుంది. ఈ సంగతి తెలియక చిన్న వయసు ఆడపిల్లల మీద ఇంట్లోవాళ్లు ఒత్తిడి పెట్టడం అన్యాయం. పెద్దలే ముందు తెలుసుకోవాలి.

మరణానంతరం వచ్చిన పతకం ఎవరు ధరించవచ్చు?

స్మారకాల దగ్గర నివాళి సభల్లో దగ్గరి బంధువు కుడి వైపు ఛాతీ మీద పెట్టుకోవచ్చు. ఎడమ వైపు సంపాదించుకున్నవాడిదే.

### పతకాన్ని కాపాడుకోవడం

వీర చక్ర నల్లబడింది. చింతపండుతో తోమవచ్చా?

వద్దు. వీర చక్ర వెండిది. మధ్యలో ఉబ్బుగా ఉండే రాజముద్రకు బంగారు పూత ఉంటుంది. చింతపండు పులుసు, బూడిద, టూత్‌పేస్టు ఏది పెట్టి రుద్దినా ముందు పోయేది ఆ పూతే. అంచు మీద చెక్కిన నంబరు, పేరు కూడా అరుగుతాయి. ఆ అక్షరాలే ఇది మీ ఇంటి పతకం అనడానికి సాక్ష్యం. మెత్తని పొడి నూలు గుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో పెట్టండి. బరంపురం వైపు ఉప్పుగాలికి వెండి త్వరగా నల్లబడుతుంది కాబట్టి పొట్లం మారుస్తుండాలి. గోడకు తగిలిస్తే ఎండ తగలని గోడ చూడండి, రిబ్బన్ రంగు వెలిసిపోతుంది. రబ్బరు బ్యాండు, ప్లాస్టిక్ కవరు వాడొద్దు.

పతకం పోయింది. మళ్లీ ఇస్తారా?

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, ఆ ప్రతితో రికార్డు ఆఫీసుకు అర్జీ పెట్టాలి. ధర చెల్లిస్తే నకలు పతకం ఇస్తారు. నాలుగు కోణాల్లో ఫొటోలు, అంచు మీది అక్షరాల ఫొటో ఇప్పుడే తీసి ఉంచుకుంటే అప్పుడు పని సులువవుతుంది.

మాది జయపురం. తాతగారి రెండో ప్రపంచ యుద్ధం కాగితాల్లో "విశాఖపట్నం జిల్లా" అని ఉంది. తప్పు రాశారా?

తప్పు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా జయపురం, కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆయన అంతకుముందే చేరి ఉంటే, లేదా పాత చిరునామానే ఇచ్చి ఉంటే అలాగే రాసి ఉంటుంది. పేరు, నంబరు, రెజిమెంట్ సరిపోతే చాలు, జిల్లా పేరు దిద్దించే పని పెట్టుకోకండి. అసలు కాగితాన్ని ల్యామినేషన్ చేయించవద్దు. వేడికి పాత సిరా పాడవుతుంది, మళ్లీ విప్పబోతే కాగితం చిరుగుతుంది. స్కాన్ తీసి, అసలుది పత్తి గుడ్డలో పెట్టండి.